తాతయ్య రివాల్వర్: లైసెన్సులో వెబ్లీ అని ఉంది, వస్తువు మాత్రం వెబ్లీ కాదంటున్నారు

కొత్తరోడ్డు_రవి
నాన్నగారు పోయి ఐదు నెలలైంది. ఆయన పేరున ఒక పాత రివాల్వర్ ఉంది, అంతకు ముందు అది మా తాతయ్యది. నాన్నగారు పోయిన వారం రోజుల్లోపే దాన్ని లైసెన్సున్న తుపాకుల షాపులో డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నాను. ఇంట్లో లేదు, కాబట్టి ఆ విషయంలో ఎవరూ కంగారు పడొద్దు.

చిక్కు ఎక్కడంటే, లైసెన్సు పుస్తకంలో "వెబ్లీ, .38 బోరు" అని ఉంది (వెబ్లీ బ్రిటన్ కంపెనీ, బోరు అంటే గొట్టం లోపలి కొలత), పక్కన ఐదంకెల నంబరు. షాపాయన వస్తువుని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది వెబ్లీ కాదండీ, నంబరు కూడా కలవడం లేదు" అన్నారు. ఉన్నది ఉన్నట్టు రసీదులో రాసి లోపల పెట్టారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం సిగ్నల్స్ (సమాచార) విభాగంలో జమేదారు. 1944, 45లో బర్మాలో ఉన్నారు. 1946లో బయటికొచ్చి ఇక్కడ విశాఖ పోర్టులో చేరారు. "ఇది మీ తాత బర్మా నుంచి తెచ్చుకున్నది" అని నానమ్మ చెబుతుండేది. ఇంట్లో ఆ మాట మీద ఎవరికీ అనుమానం లేదు.

షాపులో నేను చూసి రాసుకున్నవి: బ్యారెల్ మూడున్నర అంగుళాలు. ఒళ్లంతా వెండిలా తళతళ. సిలిండర్ ఎడమ పక్కకి బయటికొస్తుంది, తూటాలకి ఆరు అరలు. పిడికి నున్నటి చెక్క, గీతలేమీ లేవు. పిడి అడుగున పూడ్చేసిన చిన్న గుంత, దాని పక్కన వి అక్షరం, ఆరంకెల నంబరు. ఇంతకీ ఇది ఏమిటి?

సింధియా_శీను
వెండిలా మెరుస్తోంది, పేరొకటి, నంబరొకటి. అన్నా, నాకైతే నాటుది అనిపిస్తోంది. ఎవరో మంచి పనివాడు చేసిన నకలు.

గంటస్తంభం
మాది విజయనగరం. ఇక్కడ పాత ఇళ్లలో ఇలాంటివి రెండు మూడు చూశాను. అప్పట్లో ఆఫీసర్లకి నికెల్ పూతతో ప్రత్యేకంగా వచ్చేవి. ఇది ఆఫీసర్ మోడల్ వెబ్లీ అయ్యుంటుంది.

ఎన్ఏడీ_రిటైర్డ్
ముప్పై ఒక్క ఏళ్లు ఆయుధాల మరమ్మతులో పనిచేశాను. రవి గారు రాసిన ఒక్క ముక్కతో వెబ్లీ సంగతి తేలిపోయింది. సిలిండర్ పక్కకి రావడం.

వెబ్లీ అలా తెరుచుకోదు. పైన హ్యామర్ (తూటాని కొట్టే సుత్తి) ముందు ఉండే గొళ్లెం నొక్కితే బ్యారెల్ మొత్తం ముందుకి వంగుతుంది, ఖాళీ కేసులు, అంటే పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు, వాటంతట అవే పైకి లేస్తాయి. మొదటి యుద్ధంలో 1915లో వచ్చిన .455 మార్క్ 6 అయినా, రెండో యుద్ధంలో వాడిన .38 మార్క్ 4 అయినా అంతే. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 కూడా అంతే. మన కాన్పూరు ఫ్యాక్టరీ .32 రివాల్వర్‌ది కూడా ఆ వంశమే, మధ్యలో విరిచినట్టు తెరుచుకుంటుంది.

సిలిండర్ ఎడమకి వచ్చిందంటే అమెరికా పద్ధతి. యుద్ధకాలం, .38, అడుగున వి నంబరు అంటే నాకు ఒకటే తోస్తోంది. ఇంకో నాలుగు విషయాలు చూసి చెప్పండి. సిలిండర్ తెరవడానికి ఎడమ పక్క మీట ముందుకి తోయాలా, వెనక్కి లాగాలా? హ్యామర్ లేపుతుంటే సిలిండర్ ఎటు తిరుగుతోంది? బ్యారెల్ పైన అక్షరాలు ఎక్కడ ఆగిపోతున్నాయి? హ్యామర్‌కి, ట్రిగ్గర్‌కి కూడా తళతళ ఉందా? మీరు ముట్టుకోకండి, షాపాయన్నే తిప్పి చూపించమనండి.

సముద్రపు_హోరు
రవి గారూ, ఒక్క మాట. దాన్ని తుడవడం, పాలిష్ పెట్టించడం లాంటివి చేయనివ్వకండి. మా పెదనాన్నగారి తుపాకీకి మా బాబాయి ప్రేమగా పాలిష్ పెట్టించాడు. గుర్తులన్నీ అరిగిపోయాయి. తరవాత వారసత్వం కాగితాలప్పుడు "నంబరు ఎందుకు చెరిపారు" అని అడిగితే సమాధానం లేదు. ఏడాదిన్నర తిరిగాం.

లా_పాయింట్
పై పోస్టు చాలా ముఖ్యం. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 8 ప్రకారం గుర్తింపు గుర్తులు చెరపడమే నేరం. గుర్తులు లేని ఆయుధం అమ్మడం, బదిలీ చేయడం కూడా కుదరదు. రవి గారు డిపాజిట్ చేయడం సరైన పని, సెక్షన్ 21 చెప్పేది అదే.

ఇంకొకటి ఇప్పుడే చెప్పేస్తాను, తరవాత బాధ పడకుండా. .38 మన దగ్గర నిషిద్ధ బోరు, పీబీ అంటారు. మామూలు పౌరులకి ఇచ్చేది .32. పాత లైసెన్సుల మీద .38 లు ఇళ్లలో ఉన్న మాట నిజమే, కానీ పీబీ కొత్తగా ఒకరి పేరున రావాలంటే కేంద్ర హోంశాఖ దాకా వెళ్లాలి. చట్టబద్ధ వారసుడికి లైసెన్సు అడిగే వీలు 2016 రూల్స్‌లో ఉంది. అడగండి, కానీ ముందు కాగితం మీద రాసినదీ చేతిలో ఉన్నదీ ఒకటి కావాలి.

మూడున్నర అంగుళాలు అన్నారు. అది ఫ్యాక్టరీ నుంచే పొట్టిదా, ఎవరైనా కోశారా? లైసెన్సు లేకుండా బ్యారెల్ కురచ చేయడం సెక్షన్ 6 కింద తప్పు. అది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో తేల్చుకోవాలి.

కొత్తరోడ్డు_రవి
లా_పాయింట్ గారూ, మీరు చెప్పాక టెన్షన్ ఇంకా పెరిగింది. రేపు ఉదయమే షాపుకి వెళ్తాను.

మల్కాపురం_మామ
కంగారు పడకు నాయినా. తాతా తండ్రీ ఇద్దరూ లైసెన్సుతో ఉంచుకున్న వస్తువు, నువ్వు అప్పగించి రసీదు తెచ్చుకున్నావు. భయపడాల్సింది ఏటుంది?

మా నాన్న 1942లో హార్బరు పనిలో ఉండేవాడు. ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులేస్తే ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకి పోయిందని చెప్పేవాడు. ఆనాటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పెట్టారు, చూసుంటారు. ఆర్కే బీచ్‌లో ఇసక కోసుకుపోయినప్పుడు బయటపడ్డ సిమెంటు పిల్‌బాక్సు కూడా ఆ కాలానిదే. మన ఊళ్లో యుద్ధం వస్తువులు ఇంకా ఎన్ని అటకల మీద ఉన్నాయో.

బర్మా_కథలు
జమేదారు అంటే వైస్రాయ్ కమిషన్ (వైస్రాయ్ పేరున ఇచ్చే అధికారి నియామకం) ఉన్నవాడు, రివాల్వర్ కట్టే హోదా. సిగ్నల్స్, బర్మా, .38, అన్నీ సరిపోతున్నాయి. అమెరికా వాళ్లు లెండ్ లీజ్ (యుద్ధంలో మిత్రదేశాలకి ఆయుధాలు అరువుగా ఇచ్చే ఏర్పాటు) కింద బ్రిటన్‌కి ఇచ్చిన రివాల్వర్లు కామన్వెల్త్ సైన్యాలన్నిటికీ వెళ్లాయి. నానమ్మ గారి మాటే నిజమని నా నమ్మకం.

ఎన్ఏడీ_రిటైర్డ్
సరిపోవడం వేరు, రుజువు వేరు. సైన్యంలో ఇచ్చిన రివాల్వర్ సర్కారు సొత్తు. సంతకం పెట్టి తీసుకోవాలి, వదిలి వచ్చేటప్పుడు సంతకం పెట్టి అప్పగించాలి. జమేదారు గారు దాన్ని పెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారంటే నేను ఒప్పుకోను. అలా చేసే మనిషైతే ఇన్నేళ్లు లైసెన్సు కట్టి ఉంచుకునేవారు కాదు.

కొత్తరోడ్డు_రవి
వెళ్లి వచ్చాను. రెండు గంటలు కూర్చోబెట్టి ఓపిగ్గా చూపించారు. భూతద్దం, టార్చి రెండూ వాడాం.

మీట ముందుకి తోస్తే తెరుచుకుంటుంది. వెనక నుంచి చూస్తే సిలిండర్ గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతోంది. హ్యామర్, ట్రిగ్గర్ రెండూ తళతళే. బ్యారెల్ పైన చాలా చిన్న అక్షరాల్లో స్మిత్ అండ్ వెస్సన్ అని మొదలై, ఊరి పేరు, పేటెంటు తేదీలు వస్తూ వస్తూ మధ్యలో తెగిపోయాయి. చివరి మాట సగమే ఉంది. ముందు గురి చూసే ముక్క అడుగున సన్నటి పసుపు గీత కనిపించింది.

సిలిండర్ పైన ఉండే పట్టీ మీద ఏదో అరిగిపోయింది. టార్చి పక్క నుంచి వేస్తే "యునైటెడ్ స్టేట్స్ ప్రాపర్టీ" అని చదవగలిగాం. బ్యారెల్ పక్కన, సిలిండర్ మీద కిరీటం గుర్తు, దాని కింద బి ఎన్ పి. బ్యారెల్ మీద ఇంకా .38, .767 అని అంకెలు, 3½ టన్నులు అని ఉంది. పిడి అడుగున నంబరు, సిలిండర్ వెనక నంబరు, బ్యారెల్ కింద నంబరు మూడూ ఒకటే. సిలిండర్‌ని పట్టే చేయి దగ్గర మాత్రం వేరే నంబరు ఉంది, దాంతో మళ్లీ భయం వేసింది. పూర్తి నంబరు ఇక్కడ రాయడం లేదు, వి తరవాత 3తో మొదలవుతుంది, ఆరంకెలు.

ఎన్ఏడీ_రిటైర్డ్
ఇంత శ్రద్ధగా చూసినందుకు ముందుగా మీకు దండం. అన్నీ తేలిపోయాయి, ఒక్కొక్కటీ చెబుతాను.

మీట ముందుకి, తిరుగుడు గడియారానికి ఎదురు. స్మిత్ అండ్ వెస్సన్ లక్షణం అది. కోల్ట్ అయితే మీట వెనక్కి లాగాలి, సిలిండర్ రెండో వైపు తిరుగుతుంది. కోల్ట్ కూడా బ్రిటన్‌కి .38 లు పంపింది కాబట్టి అడిగాను.

మీ దగ్గరున్నది స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ మోడల్. యుద్ధానికి ముందు నుంచీ వాళ్లు చేస్తున్న మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వర్‌కి 1942లో వరస నంబర్లు పది లక్షలకు చేరాయి. అప్పుడు ముందు వి తగిలించి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. వి అంటే విక్టరీ. మీ నంబరు సుమారుగా 1943 నాటిది. అమెరికా సైన్యం కోసం చేసినవి .38 స్పెషల్, ఎక్కువగా నాలుగంగుళాల బ్యారెల్. బ్రిటన్ కోసం చేసినవి .38/200, ఎక్కువగా ఐదంగుళాలు. 200 అంటే గుండు బరువు, 200 గ్రెయిన్లు, మన లెక్కలో సుమారు 13 గ్రాములు. బ్రిటన్ వైపు ఐదు లక్షలకు పైగా వెళ్లాయి. మొదట్లో కొన్ని డబ్బిచ్చి కొన్నారు, మీదాని లాంటివి లెండ్ లీజ్ మీద ఇచ్చినవి, అందుకే అమెరికా ఆస్తి అని ముద్ర.

చేయి దగ్గర వేరే నంబరు గురించి భయం వద్దు. ఫ్యాక్టరీలో బిగింపు కోసం కొట్టే నంబరు అది. వరస నంబరు కాదు. చాలామంది దాన్నే అసలు నంబరనుకుని లైసెన్సులో రాయించి చిక్కుల్లో పడ్డారు. మూడు చోట్ల నంబరు కలిసింది కాబట్టి విడిభాగాలు మార్చిన సరుకు కాదు, నకలూ కాదు. శీనూ, నీ అనుమానం ఇక్కడితో సరి.

సింధియా_శీను
సరి సార్. నేర్చుకుంటున్నాను. మరి ఆ తళతళ సంగతేంటి?

ఎన్ఏడీ_రిటైర్డ్
ఇప్పుడు మార్పుల దగ్గరికొద్దాం. నాలుగు కనిపిస్తున్నాయి.

పూత మొదటిది. విక్టరీలు మెరవవు. యుద్ధం హడావిడిలో పాలిష్ మానేసి బూడిద రంగు మందు పూతతో పంపారు. సైన్యానికి మెరిసే ఆయుధం ఎందుకు? నికెల్ తరవాత ఎవరో వేశారు. అక్షరాలు అరిగింది కూడా పూతకి ముందు రుద్దినప్పుడే. ఆ కంపెనీ నికెల్ వేసి అమ్మిన మామూలు రివాల్వర్లలో కూడా హ్యామర్, ట్రిగ్గర్ రంగు తేలిన ఉక్కుగానే ఉంచేది. మీదాంట్లో అవీ తళతళే అన్నారు, బయట వేసిన పూత అనడానికి అదే గుర్తు. గంటస్తంభం గారూ, ఆఫీసర్ మోడల్ అన్నది ఇక్కడ కుదరదు.

రెండోది బ్యారెల్. అక్షరాలు తెగిపోవడమే సాక్ష్యం. ఐదంగుళాల బ్యారెల్ మీద ఆ వాక్యం పూర్తిగా పట్టేది. కోసినప్పుడు ముందు గురి ముక్క కూడా పోతుంది, ఎందుకంటే ఫ్యాక్టరీలో అది బ్యారెల్‌తో పాటే ఒకే ముక్కగా వస్తుంది. మీరు చూసిన పసుపు గీత తరవాత అతికించిన టంకం. చేసినవాడు పనితనం ఉన్నవాడే, సిలిండర్ కడ్డీ చివర పట్టే దిమ్మ పోకుండా కొలిచి ఆపాడు.

మూడోది పిడి అడుగున గుంత. అక్కడ తాడు కట్టుకునే రింగు ఉండేది. పీకేసి పూడ్చారు. జేబులో పట్టడానికి పొట్టి చేసినవాడికి రింగు అడ్డం కదా.

నాలుగోది ఉందో లేదో ఇంకా తెలీదు. షాపాయన్ని సిలిండర్ అరల్లోకి టార్చి వేసి చూడమనండి. లోపల ఒక మెట్టు ఉంటుంది. అది వెనక అంచు నుంచి 20 మిల్లీమీటర్ల దగ్గర ఆగిందా, 29, 30 దగ్గర ఆగిందా?

పాతసామాను_పిచ్చి
కోత, నికెల్, రింగు పీకుడు మూడూ కలిసి వచ్చాయంటే యుద్ధం అయ్యాక బజారు పని. 50, 60 దశకాల్లో మిగులు సరుకు గుట్టలుగా అమ్మారు. జనానికి పొట్టివి, మెరిసేవి కావాలి, వ్యాపారులు అలాగే తయారు చేసి అమ్మారు. సేకరించేవాళ్లు వీటిని చెడిపోయిన సరుకు అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆ కోత కూడా దాని జీవితంలో ఒక భాగమే.

బర్మా_కథలు
అంతా బాగుంది. కానీ 1943లో తయారైంది, 1944లో బర్మా వచ్చింది, తాతగారు తెచ్చుకున్నారు, తరవాత ఎవరో మార్చారు. ఇలా ఎందుకు కాకూడదు?

ఎన్ఏడీ_రిటైర్డ్
ఆ కిరీటం, బి ఎన్ పి ఒప్పుకోవు. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు పరీక్షించే ప్రూఫ్ హౌస్ ముద్ర అది. బ్రిటన్‌లో సర్కారు సరుకు పౌరుల చేతికి అమ్మాలంటే ముందు అక్కడ ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేయాలి. సైన్యంలో ఉన్నంత కాలం ఆ అవసరం లేదు. పైగా ఒకే ముద్రలో బి ఎన్ పి మూడక్షరాలు రావడం 1954 నిబంధనలతో మొదలైంది. అంతకు ముందు ముద్రలు వేరు. అంటే ఈ రివాల్వర్ 1954 తరవాత ఇంగ్లండులో ఉంది. 1946లో సైన్యం వదిలిన మనిషి దాన్ని బర్మా నుంచి తెచ్చే వీలు లేదు.

కొత్తరోడ్డు_రవి
ఈ పోస్టు నాలుగుసార్లు చదివాను. వాదించడానికి ఏమీ లేదు. కానీ నానమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. చిన్నప్పుడు ఆవిడ చెబుతుంటే నేను పక్కన పడుకుని విన్న కథ ఇది. ఇప్పుడు ఇలా తేలితే ఏదో పోగొట్టుకున్నట్టుంది.

సముద్రపు_హోరు
ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్పారు. తాతగారి పాత పెట్టెలు ఏమైనా మిగిలాయా? మా ఇంట్లో చివరికి దారి చూపించింది అటకమీద పెట్టెలో కాగితాలే.

మల్కాపురం_మామ
ఆ అమ్మాయి మాట విను. పోర్టులో పనిచేసినవాళ్లు కాగితం పారేయరు.

కొత్తరోడ్డు_రవి
మా మేనత్త అనకాపల్లిలో ఉంటుంది. తాతయ్య ట్రంకుపెట్టె ఆవిడ దగ్గరే ఉందట. ఆదివారం వెళ్తున్నాను.

ఈలోపు అరల సంగతి. షాపాయన కొలిచారు. 20 దగ్గర సన్నటి ఉంగరంలాంటి గీత, అది దాటి 29 దాకా నున్నగా, అక్కడ అసలు మెట్టు. ఆరింటిలోనూ అంతే.

ఎన్ఏడీ_రిటైర్డ్
భయపడినంతా అయింది. నాలుగో మార్పు ఉంది. దాన్ని .38 స్పెషల్ తూటా పట్టేలా లోపల తొలిచారు.

పేరు రెండింటికీ .38, కానీ తూటాలు వేరు. బ్రిటన్ తూటా కేసు పొట్టి, కొంచెం లావు, 0.386 అంగుళాలు. స్పెషల్ కేసు పొడుగు, 0.379. తొలిచినప్పుడు ముందు భాగం పొడుగు పెరుగుతుంది, వెనక లావు తగ్గదు కదా. సన్నటి కేసు వదులుగా కూర్చుంటుంది. పేలినప్పుడు మొదలు దగ్గర ఉబ్బుతుంది, చీలుతుంది. స్పెషల్ గుండు కూడా ఈ బ్యారెల్ కంటే వెంట్రుకవాసి సన్నం. ముద్రలోని 3½ టన్నులు పాత తూటా ఒత్తిడికి చేసిన పరీక్ష, స్పెషల్‌కి కాదు.

.767 అన్నది ఆ ముద్ర పడిన రోజున అరకి సరిపడిన కేసు పొడవు, అంగుళాల్లో. సుమారు 19 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే బర్మింగ్‌హామ్ దాటేటప్పటికి అరలు పాతవే. తొలవడం తరవాత జరిగింది.

రవి గారూ, షాపాయనకి కూడా చెప్పండి. దీన్ని ఏ తూటాతోనూ పరీక్షకైనా పేల్చకూడదు. ఇంకో కారణం కూడా ఉంది. 1944 చివర్లో ఒక నావికుడి రివాల్వర్ ఓడ డెక్ మీద పడి పేలి మనిషి పోయాడు. ఆ తరవాతే లోపల హ్యామర్‌ని ఆపే కొత్త అడ్డు పెట్టి, నంబరు ముందు ఎస్ చేర్చి ఎస్‌వి అన్నారు. మీది ఉత్త వి. ఫ్యాక్టరీలో ఆ అడ్డు లేకుండా వచ్చింది.

గంటస్తంభం
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా బంధువుల ఇంట్లో ఉన్నది కూడా ఇలా సిలిండర్ పక్కకి వచ్చేదే, మేం వెబ్లీ అంటూ వచ్చాం. మన వైపు పాత రివాల్వర్ ఏదైనా వెబ్లీయే. రేపే వాళ్లకి ఫోన్ చేసి లైసెన్సులో ఏం రాసుందో చూడమంటాను.

కొత్తరోడ్డు_రవి
అనకాపల్లి వెళ్లి రాత్రే వచ్చాను. పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ట్రంకులో అడుగున ఒక కాన్వాస్ ఒర ఉంది. లోపలి మడత మీద 1943 అని ముద్ర. అత్త చెప్పింది, తాతయ్య బర్మా నుంచి తెచ్చుకున్నది ఈ ఒర, దాని తాడు. రివాల్వర్ అప్పగించేశారు, ఒర మాత్రం ఎవరూ అడగలేదట. "ఇది మీ తాత బర్మా నుంచి తెచ్చుకున్నది" అని నానమ్మ అన్నది ఒర చేతిలో పట్టుకునే. మేం పిల్లలం రివాల్వర్ గురించి అనుకున్నాం.

ఒర కింద మొదటి లైసెన్సు పుస్తకం దొరికింది. 1949లో వెబ్లీ .38 కొన్నారు, ఐదంకెల నంబరు, ఇప్పటి పుస్తకంలో ఉన్న నంబరే. కానీ కింద 1961లో ఎర్ర సిరాతో దాన్ని కొట్టేసి, వెబ్లీ షాపుకి ఇచ్చేసినట్టు, బదులు స్మిత్ అండ్ వెస్సన్ తీసుకున్నట్టు రాసి ముద్ర వేశారు. వి తో సహా నంబరు కలిసింది. పక్కనే మద్రాసు షాపు రసీదు: పొట్టి బ్యారెల్, నికెల్, .380 తూటాలు 25.

1962లో కొత్త చట్టం (ఆ 1959 చట్టమే) అమల్లోకి వచ్చాక ఇచ్చిన రెండో పుస్తకంలో ఎవరో పై వరస చూసి రాశారు, ఎర్ర సిరా వరస చూడలేదు. అప్పటి నుంచి ప్రతి రెన్యువల్‌లో అదే తప్పు.

ఇంకొకటి. పొగాకు డబ్బాలో రెండు ఖాళీ ఇత్తడి కేసులు దొరికాయి. మొదలు దగ్గర ఉబ్బి, నిలువునా చీలి ఉన్నాయి. అత్తకి గుర్తుంది. ఆవిడకి పన్నెండేళ్లప్పుడు భీమిలి అవతల సరుగుడు తోటలో తాతయ్య కొత్త తూటాలు పేల్చి చూశారట. రెండు పేల్చాక కేసులు ఇరుక్కుపోయి బయటికి రాలేదు, పుల్లతో పొడిచి తీశారు. ఇంటికొచ్చి రివాల్వర్ గుడ్డలో చుట్టి పైన పెట్టారు. మళ్లీ ఎప్పుడూ పేల్చలేదు. 1971 డిసెంబరులో ఊరంతా దీపాలార్పి కూర్చున్న రాత్రుల్లో కూడా వరండాలో చేతికర్ర పట్టుకునే కూర్చున్నారట.

ఎన్ఏడీ_రిటైర్డ్
చీలిన కేసులు దొరకడం అంటే, నలభై ఏళ్లు వెతికినా ఇలాంటి సాక్ష్యం దొరకదు. రసీదులో .380 తూటాలు అంటే పాత బ్రిటన్ తూటాలే, కాబట్టి 1961 నాటికి అరలు ఇంకా తొలవలేదు. ఆ తూటాలు దొరకడం కష్టమై స్పెషల్ పట్టేలా ఎవరి చేతో తొలిపించి ఉంటారు. రెండు పేలుళ్లకే తప్పు గ్రహించి పక్కన పెట్టిన మనిషి. జమేదారు గారంటే నాకు గౌరవం పెరిగింది.

లా_పాయింట్
రసీదు, మొదటి పుస్తకం రెండూ బంగారం. కోత, నికెల్ కొనేనాటికే ఉన్నాయని రసీదు చెబుతోంది కాబట్టి సెక్షన్ 6 గురించి మీ కుటుంబాన్ని అడగడానికేమీ లేదు. రెండూ కలర్ జిరాక్స్ తీసి, ఒరిజినల్స్ చేతిలోనే ఉంచుకుని, ముందు నమోదు సవరణకి దరఖాస్తు పెట్టండి. వారసత్వం దరఖాస్తు దాని తరవాత. తొలిచిన అరల సంగతి దాచకుండా షాపాయన రిపోర్టుతో జత చేయండి. ఖాళీ కేసులు కూడా ఇంట్లో ఉంచకుండా షాపులో ఇచ్చి రాయించుకోండి.

బర్మా_కథలు
ఒర బర్మాదే కదా. నాకు అది చాలు. రవి గారూ, ఒర మీద ముద్ర ఫోటో పెట్టండి.

సింధియా_శీను
అన్నా, లైసెన్సు రాకపోతే ఏం చేస్తావు?

కొత్తరోడ్డు_రవి
రాకపోతే అప్పగించేస్తాను. తాతయ్య కూడా 1946లో అదే చేశారు. కనీసం సరైన పేరుతో అప్పగించాలి, అందుకే ఇంత తిరుగుడు. పేల్చకుండా చేసి మ్యూజియంలో పెట్టే దారి ఉందేమో కూడా అడుగుతాను. ఒర మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

దరఖాస్తు రాసేశాను. స్మిత్ అండ్ వెస్సన్, విక్టరీ మోడల్, .38, కురచ చేసిన బ్యారెల్, అరలు తొలిచినవి, నంబరు వి తో సహా. సోమవారం ఇస్తున్నాను. షాపాయన ఒక మాట అడిగారు, నికెల్ అక్కడక్కడా లేస్తోంది, తీయించి పాత రంగు వేయించమంటారా అని.

ఎన్ఏడీ_రిటైర్డ్
వద్దు. ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి.